రూబీ కథలో ఊరట లేదట! (బడి బీరువా – 4)



పోయిన భాగం చదివి మా డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది: "పిల్లల పుస్తకం మీద పెద్దోళ్లకు అంత కోపమెందుకు సార్?" అమెరికాలో జరిగిందే చెప్తాను.

1960 నవంబర్ 14. న్యూ ఆర్లియన్స్‌లో అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న విలియం ఫ్రాంజ్ ప్రాథమిక పాఠశాలకు రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లపిల్ల వెళ్లింది. వెంట ఫెడరల్ మార్షల్స్, బయట బూతులు తిడుతున్న గుంపు. ఆ గుంపులో ఒకామె చిన్న శవపేటికలో నల్లబొమ్మను పెట్టి చూపించింది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. బార్బరా హెన్రీ అనే టీచరు ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠం చెప్పింది. రూబీ తండ్రి ఉద్యోగం పోయింది. మిసిసిపీలో పాలుకు సాగు చేసుకునే తాతల కుటుంబాన్ని భూమి మీంచి వెళ్లగొట్టారు. మన ఊళ్లలో దీన్ని వెలి అంటాం.

పెద్దయ్యాక రూబీ ఈ కథను, అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లల కోసం చిన్న చిన్న వాక్యాల్లో రాసింది. 2021లో టెన్నెసీలోని విలియమ్సన్ కౌంటీలో 'మామ్స్ ఫర్ లిబర్టీ' అనే సంఘం, రెండో తరగతి పాఠాల్లో ఉన్న ఆ పుస్తకంపై అభ్యంతరం చెప్పింది. తెల్లగుంపు కోపాన్ని చూపించడం మరీ కటువుగా ఉందట. చివర్లో ఊరట లేదట. రాష్ట్ర విద్యాశాఖ విచారణ చేపట్టలేదు. పుస్తకం మంచిదని కాదు, ఆ పాఠాలు కొత్త చట్టానికి ముందటి విద్యాసంవత్సరానివని!

ఆరేళ్ల పిల్ల ఆ గుంపు మధ్య నడిచినప్పుడు వయసు ఎవరికీ గుర్తు రాలేదు. ఏడేళ్ల పిల్లలు దాన్ని చదవాలంటే గుర్తొచ్చింది. పిల్లల మనసు నొచ్చుకుంటుంది అంటున్నారు కదా, ఎవరి పిల్లలు?

ఇది కొత్త రోగమేం కాదు. 1958లో గార్త్ విలియమ్స్ 'ది రాబిట్స్ వెడ్డింగ్' అనే బొమ్మల పుస్తకం వేశాడు. నల్ల కుందేలు, తెల్ల కుందేలు పెళ్లి చేసుకుంటాయి. అంతే కథ. 1959లో అలబామాలో రాజకీయ నాయకులు గోల చేశారు. అక్కడి ప్రభుత్వ గ్రంథాలయ విభాగం డైరెక్టర్ ఎమిలీ రీడ్ ఆ పుస్తకాన్ని పారేయలేదు గానీ, బయటి అరల్లోంచి తీసి, అడిగితేనే ఇచ్చే అరలో పెట్టింది. అక్కడ అలాంటి పుస్తకం ఉందని తెలియని పిల్ల ఎట్లా అడుగుతుంది? కుందేళ్ల పెళ్లికే ఇంత భయమెందుకో, కులాంతర పెళ్లిళ్లకు ఏం జరుగుతుందో చూసిన మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నన్ను వదలనిది మాత్రం ఆ 'ఊరట లేదు' అన్న మాట. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన సతారా బడి గురించి రాశాడు. కూర్చునే గోనెపట్టా రోజూ ఇంటికి తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకోవాలి, బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు, రాకపోతే దాహంతోనే ఉండాలి. చివర్లో ఎవరూ వచ్చి క్షమించమనరు.

నేను చదివిన హాస్టల్లో అంబేడ్కర్ అంటే గోడ మీద ఫొటో, ఏప్రిల్‌లో దండ. ఈ గోనెపట్టా సంగతి నేను చదివింది ఎం.ఏ.లో చేరాకే.

(మిగతాది వచ్చే ఆదివారం)

జై భీమ్.