దస్త్రం మీది గుర్తు

2016 అక్టోబరు 11న మెదక్ పట్టణం కొత్త మెదక్ జిల్లాకు కేంద్రమైనది. జిల్లా మారినా రైతు భూమి తగాదా మారదు. దానికి ఆధారం పాత దస్త్రమే. తెలుగు జిల్లాల రెవెన్యూ కార్యాలయాలలో పని ముగిసిన దస్త్రం మీద ఒక చిన్న గుర్తు వేయడం చిరకాలపు ఆచారం. ‘ఆర్. డిస్.’ అని ఉంటే దానిని శాశ్వతంగా భద్రపరచాలి, ‘డి. డిస్.’ అయితే పదేండ్లు, ‘ఎల్. డిస్.’ అయితే కొద్దికాలమే. లోపలి కాగితాలలో ఒక్క అక్షరం మారకపోయినా, ఈ గుర్తు మారితే దస్త్రం గతి మారిపోతుంది.

కంప్యూటరులోని ఫైలుకు కూడ ఇటువంటి గుర్తులు ఉన్నవి. వీటిని ‘అట్రిబ్యూట్లు’ అంటారు. ఇవి ఫైలు లోపల ఉండవు. ఫైలు పేరు, తేదీ, పరిమాణం వ్రాసి ఉంచే పట్టికలో ఉంటవి.

1979లో వచ్చిన సీపీ/ఎమ్ రెండవ కూర్పులో వీటికి వేరే చోటు లేదు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలును గనుక, పేరులోని అక్షరాలలో మిగిలిన ఎనిమిదవ బిట్టునే గుర్తుకు వాడుకొన్నారు. 1981లో ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్‌లో దీనికై ఒక బైటును ప్రత్యేకించారు. 1983లో రెండవ కూర్పు నాటికి ఆ బైటు నిండుగా రూపొందినది: ‘చదువుటకు మాత్రమే’ అనుదానికి 1, ‘దాగినది’ 2, ‘వ్యవస్థకు చెందినది’ 4, ‘నకలు తీయవలసినది’ 32. రెండు గుర్తులుంటే అంకెలను కూడవలెను. మొత్తం 6 అయితే 2, 4 తప్ప వేరు అర్థం రాదు. రెండు యొక్క ఘాతాలను ఎన్నుకొన్న ప్రయోజనం ఇదే.

1984లో మూడవ కూర్పుతో ‘అట్రిబ్’ అనే ఆదేశం వచ్చి, గుర్తు మార్చడం సామాన్యులకు సాధ్యమైనది. 1986లో నార్టన్ కమాండరు, 1993లో విండోస్ కమాండరు వంటి ఫైల్ మేనేజర్లు వెలువడినవి. రెండవదే 2002 నుండి టోటల్ కమాండరు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. 1971లో వెలువడిన యూనిక్స్ పలువురు ఒకే యంత్రాన్ని వాడేందుకు పుట్టినది. కనుక మార్చేవారెవరని అది అడుగుతుంది. డాస్ ఒక్కరి కోసం పుట్టినది, అది అడగదు. అందుచేత దాని ‘చదువుటకు మాత్రమే’ గుర్తు పొరపాటును ఆపునే గాని దొంగను ఆపదు. అది తాళం కాదు, హెచ్చరిక.

ఈ సంగతి తెలియక నష్టపోయినవారు అనేకులు. పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించిన కొన్ని వైరస్‌లు ఫైళ్ళను చెరపలేదు. 2, 4 గుర్తులు పెట్టి దాచినవి. మార్కుల పట్టికలు పోయినవని తలచి పెన్‌డ్రైవును ఫార్మాట్ చేస్తే, అప్పుడే అవి నిజంగా పోతవి. 4 కూడ ఉన్నప్పుడు విండోస్ ఎక్స్‌ప్లోరరులో ‘దాగినది’ అనే గడిని మార్చనివ్వదు. అట్రిబ్ ఆదేశంతో గాని, టోటల్ కమాండరులోని అట్రిబ్యూట్లు మార్చే పట్టికతో గాని రెండు గుర్తులనూ తీసివేస్తే ఫైళ్ళు యథాతథంగా కనబడును.

దస్త్రం కనబడనంత మాత్రాన లేదని మంచి గుమాస్తా వ్రాయడు. ముందు బీరువా అంతా వెదకును. కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికీ అదే నియమం.