యోధుని ముఖము, యోధుని పేరు

భాస మహాకవి రచనగా ప్రసిద్ధమైన ప్రతిమానాటకమున భరతుడు మేనమామ యింటినుండి మరలివచ్చుచు, అయోధ్య వెలుపలనున్న ప్రతిమాగృహమును ప్రవేశించును. అచటి నాలుగు ప్రతిమలు ఎవరివో ఆతడెరుగడు. ఆ గృహమును కనిపెట్టియుండు దేవకులికుడు దిలీపుడు, రఘువు, అజుడు అని వరుసగా పేర్లు చెప్పిన పిమ్మటనే అవి తన పూర్వులవని తెలియును. మరణించినవారికి మాత్రమే అచట ప్రతిమలు నిలుపుదురని విని, నాలుగవది తండ్రిదని గ్రహించి మూర్ఛిల్లును. ప్రతిమ ఎంత చక్కనిదైనను, పేరు చెప్పువాడు లేనిచో అది మూగది. యుద్ధకాలమున సైనికులు తీయించుకొనిన ఛాయాచిత్రములకు ఈ మాట మిక్కిలిగా వర్తించును.

పూర్వము పోరున మడిసినవానికి వీరగల్లు నిలుపుట మన ఆచారము. అందు కత్తియు, డాలును కనిపించును గాని, పేరు లేనివి అనేకములు. 1839లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన తరువాత, సామాన్య సిపాయి సైతము తన ముఖమును ఇంట నుంచి పోగలిగెను.

హైదరాబాదు రాజ్యమున ఈ కళకు గొప్ప పేరు తెచ్చినవాడు రాజా దీనదయాళ్. ఆయన 1844లో సర్ధనలో జన్మించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ఆస్థాన చిత్రకారుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. కోటలను, దర్బారులనే గాక సేనల విన్యాసములను సైతము చిత్రించి, 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆ స్టూడియో అద్దపు పలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆనాటి స్టూడియోలలో వెనుక రంగుల తెర, దానిపై ఉద్యానవనమో రాజమందిర స్తంభమో. ప్రక్కన చిన్న బల్ల. పై అద్దములనుండి దిగు వెలుతురు. సిపాయి దుస్తులు సవరించుకొని, బల్లపై చేయి యుంచి, ఊపిరి బిగబట్టి కదలక నిలుచును. తీసిన ప్రతిని మందపు అట్టపై అంటించి, అడుగున స్టూడియో పేరు అచ్చొత్తుదురు. చిత్రములోనివాని పేరు మాత్రము అచట నుండదు. ఇంటివారెరుగుదురు గదా, వ్రాయనేల యని అందరును తలంతురు. సిపాయి తిరిగివచ్చినచో అది పడుచుతనపు గుర్తు. రానిచో, దహనమునకో ఖననమునకో దేహమే దక్కని తల్లికి అదియే కొడుకు.

మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్ల అశ్వదళము ఈజిప్టునకు పోయి, సూయజు కాలువ రక్షణమునందును, 1918లో పాలస్తీనా యుద్ధమునందును పాల్గొనెను. వారికిని, మైసూరు జోధ్‌పూరు దళములకును జ్ఞాపకముగా ఢిల్లీలో తీన్‌మూర్తి కంచువిగ్రహములు వెలసినవి. అచట ముఖములు కలవు. అవి ఫలానా వ్యక్తివి కావు. రెండవ యుద్ధమున, 1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయాలోని కోటబారు తీరమున దిగినపుడు, అచటి విమానాశ్రయమును కాచుచున్నది హైదరాబాదు ఒకటవ పదాతిదళము. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. అచటి క్రాంజి శ్మశానపు గోడలపై, సమాధి తెలియని కామన్వెల్తు యోధుల పేర్లు 24 వేలకు పైగా చెక్కబడినవి. అచట పేర్లు కలవు, ముఖములు లేవు. ముఖమును పేరును కలుపగలిగినది ఇంటి పెట్టెలోని చిన్న ఫోటో యొక్కటే.

ఫ్రాన్సు దేశమున విన్యాకూర్ అను పల్లెలో, తూయియే అను దంపతులు మొదటి యుద్ధకాలమున తమ యింటివద్ద వేలకొలది సైనికులను చిత్రించిరి. వారిలో భారతీయులును కలరు. ఆ అద్దపు పలకలు 2011లో అటకపై బయటపడినవి. పలుముఖములకు పేర్లు లేవు. వాటిని ప్రకటింపగా, ఆస్ట్రేలియాలో మనుమలు, మునిమనుమలు తమ యింటి చిత్రములతో పోల్చి కొందరిని గుర్తించిరి. నూరేండ్ల తరువాత పేరు దొరకుట అదృష్టము. అందరికిని అట్టి అదృష్టము లభింపదు.

మన ప్రాంతమున 1960ల నాడు రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము, 1972లో ఇక్రిశాట్, పిమ్మట పటాన్‌చెరు చుట్టును పరిశ్రమలు వెలసినవి. పలుదిక్కులనుండి జనులు వచ్చి స్థిరపడిరి. పెంకుటిండ్లు పోయి మేడలు లేచినవి. ఇల్లు మారునపుడు మొదట పారవేయబడునవి పాతపెట్టెయు, చెదలు పట్టిన పటమును. పహాణీలో పేరెక్కని మడి సాగు చేసినవాడు పోయిన పిమ్మట ఎవరిదో తేలక తగవులపాలగును. పేరు వ్రాయని పటమునకును అదియే గతి.

కావున ప్రతి యింటివారును, సైనికుని పటమున్నచో, వెనుక అట్టపై మెత్తని పెన్సిలుతో అతని పేరు, తండ్రి పేరు, ఊరు, దళము, తెలిసినచో సంవత్సరము వ్రాయవలెను. సిరా కాలక్రమమున ముందునకు దిగును గనుక కూడదు. తెలియని వివరమును ఊహించి వ్రాయుటకంటె ఖాళీగా విడుచుట మేలు. ఆ వివరములకు గ్రంథాలయమున ఒక దస్త్రము తెరువవచ్చును. ముఖమును గుర్తుపట్టగల వృద్ధులు మన నడుమ నున్నంతవరకే ఈ పని సాధ్యము.