బంగారం ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? ‘ప్లాస్మాన్’ వీడియో తీసేది ఇలా..!

వికారాబాద్, తాండూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు లింగంపల్లి మీదుగానే పోతుంది. ఆ స్టేషన్‌కు దగ్గర్లోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫెమ్టోసెకన్ లేజర్లతో బంగారం, వెండి నానో కణాలు తయారు చేస్తున్నారు. ఎందుకంటారా? పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టేయడానికి!

20 నానోమీటర్ల బంగారు కణాలు కలిసిన నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి. వెలుతురు తగలగానే వాటిలోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటిగా అటూ ఇటూ ఊగడమే కారణం. ఈ ఊపే ప్లాస్మాన్. దీంతో కణం అంచున కాంతి బలం విపరీతంగా పెరుగుతుంది. 1928లో సీవీ రామన్ కనిపెట్టిన ఎఫెక్ట్ ఇక్కడే పనికొస్తుంది. అంచుకు అంటుకున్న పదార్థం రవ్వంతే ఉన్నా దొరికిపోతుంది.

చిక్కల్లా ఆ ఊపు పదుల ఫెమ్టోసెకన్లలోపే ఆగిపోవడం. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే.. అదీ ఒక ఫెమ్టోసెకన్! ఏ కెమెరా షట్టరూ దాన్ని అందుకోలేదు. మామూలు మైక్రోస్కోప్‌కు అంత చిన్న కణం వివరంగా కనపడదు కూడా.

అందుకే రెండు లేజర్ పల్స్‌లు వాడతారు. మొదటిది ఊపు పుట్టిస్తుంది. రెండోది కణం నుంచి ఎలక్ట్రాన్లను బయటకు లాగుతుంది. వాటితోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో తీస్తుంది. రెండింటి మధ్య గ్యాప్ కొద్దికొద్దిగా మారుస్తూ తీసిన ఫొటోలు వరుసగా పేరిస్తే వీడియో రెడీ.