చెప్పకుండా ఎక్కించిన లోహం

అణుయుగం అనగానే మనకు హిరోషిమా, నాగసాకి గుర్తొస్తాయి. ఆ బాంబులు పడకముందే, 1945 ఏప్రిల్ 10న అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఒక రోగి నెత్తుట్లోకి ప్లుటోనియం ఎక్కించారు. ఎబ్ కేడ్ అనే ఆ నల్లజాతి మనిషి సిమెంటు పనివాడు, వయసు 53. రోడ్డు ప్రమాదంలో ఎముకలు విరిగి ఆస్పత్రిలో చేరాడు. అతనికి ఏమీ చెప్పలేదు. పరీక్ష కోసం 15 పళ్ళు పీకారు. 1953లో గుండెజబ్బుతో పోయాడు.

ప్లుటోనియం యురేనియం నుంచి మనిషి చేసిన లోహం. గ్లెన్ సీబోర్గ్ బృందం 1941లో దాన్ని గుర్తించింది. బాంబు పనిలో ఉన్నవాళ్ళ ఒంట్లో ఎంత చేరిందో మూత్రాన్ని బట్టి లెక్కకట్టాలని, 1947 దాకా 18 మందికి ఎక్కించారు. ఒక్కరు తప్ప మిగిలినవాళ్ళు ఒప్పుకున్నట్టు ఆధారం లేదు.

దాని ఆల్ఫా కిరణాలు చర్మాన్ని దాటలేవు. మింగినా చాలావరకు మలంతో పోతుంది. పీలిస్తే ఎక్కువ గండం. ఊపిరితిత్తుల్లో నిలిచి, మెల్లగా ఎముకల్లోనూ కాలేయంలోనూ తిష్ఠ వేస్తుంది, దశాబ్దాలైనా వదలదు. రష్యాలోని మాయక్ కర్మాగారం కార్మికుల్లో ఆ మూడు చోట్లా కేన్సర్లు పెరిగాయి.

విలేఖరి ఐలీన్ వెల్సమ్ 1993లో ఆ రోగుల్లో కొందరి పేర్లు బయటపెట్టింది. 1995లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. చివరగా సూది వేయించుకున్న ఎల్మర్ అలెన్ 1991లోనే పోయాడు.

ఈ కథ నంది కొండ కింద ఉన్న మనకెందుకంటారా? మన నేలలో ప్లుటోనియం చెప్పుకోదగ్గంత లేదు. దాని తల్లి యురేనియం మాత్రం మన నల్లరాళ్ళలో సహజంగానే ఉంది. చిక్కబళ్ళాపురంతో సహా తూర్పు కర్ణాటకలోని బోరునీళ్ళలో అది హద్దు మించి ఉన్న ఊళ్ళను పరిశోధకులు గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. దాని ముఖ్యమైన దెబ్బ మూత్రపిండాల మీద. నీళ్ళు కాచినా అది పోదు.

దీన్ని ఎవరూ మనకు సూదితో ఎక్కించలేదు, రెంటినీ ఒకే గాట కట్టను. కానీ నేననేది ఒకటే: ఒంట్లోకి పోయేదేమిటో ఆ ఒళ్ళు గలవాడికి ముందు తెలియాలి. బాగేపల్లిలోనైనా చింతామణిలోనైనా, బోరు వేసిన ప్రతి ఊళ్ళో నీళ్ళ పరీక్ష ఫలితం పంచాయతీ గోడమీద కన్నడంతోపాటు తెలుగులోనూ రాసిపెట్టాలి. మన అవ్వలకు చదివి వినిపించాలి.