రక్షణ కోరిన రాజ్యం: జార్జియాలో రష్యా

కాకసస్ కొండలకు దక్షిణాన ఉన్న జార్జియాలోకి రష్యా మొదట దండెత్తి రాలేదు, పిలిస్తే వచ్చింది. పర్షియాకూ ఒట్టోమన్ తుర్కులకూ మధ్య నలిగిపోతున్న తూర్పు జార్జియా రాజ్యం కార్ట్లి-కాఖేతి రాజు రెండవ ఎరెక్లే, సాటి ఆర్థడాక్స్ క్రైస్తవ రాజ్యమని నమ్మి 1783లో కేథరిన్ మహారాణితో గియోర్గియెవ్‌స్క్ సంధి చేసుకున్నాడు. విదేశీ వ్యవహారాలు రష్యా చేతికి వెళ్తాయి, సింహాసనం ఎరెక్లే వంశానికే ఉంటుంది, ఆపదొస్తే రష్యా కాపాడాలి. 1795లో పర్షియా పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ రాజధాని త్బిలిసిని దోచి తగలబెట్టిన రోజున ఆ సాయం అందలేదు. మరో ఆరేళ్లకు, 1801లో, రష్యా ఆ రాజ్యాన్నే తనలో కలిపేసుకుంది. తర్వాతి చరిత్రలో ఏ ఘట్టం చదువుతున్నా నా మనసు ఈ తేదీల దగ్గరికే వెళ్తుంది.

జార్ పాలన కూలాక 1918లో జార్జియా స్వతంత్రమైంది. 1920 మే 7న సోవియట్ రష్యా ఆ స్వాతంత్ర్యాన్ని సంధిపత్రం మీద గుర్తించింది. ఏడాదైనా నిండలేదు, 1921 ఫిబ్రవరి 25న ఎర్రసైన్యం త్బిలిసిలో అడుగుపెట్టింది. ఆ దాడికి పట్టుబట్టిన బోల్షెవిక్ నేతలు ఒర్జొనికిడ్జె, స్టాలిన్ ఇద్దరూ జార్జియా బిడ్డలే కావడం మరింత బాధ పెట్టే విషయం.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యే రోజుల గురించి రాసేటప్పుడు జార్జియా తప్పు దాచకూడదు. తొలి అధ్యక్షుడు గమ్సఖుర్దియా నాటి తీవ్ర జాతీయవాదం దేశంలోని అల్పసంఖ్యాకులైన అబ్ఖాజులను, ఒస్సేటియన్లను భయపెట్టింది. ఆ భయం రష్యాకు తలుపు తెరిచింది. 1992-93 అబ్ఖాజియా యుద్ధంలో రెండు లక్షలకు పైగా జార్జియన్లు ఇళ్లు వదిలి పారిపోయారు. 1994లో రష్యా సైనికులే శాంతి పరిరక్షకులుగా అక్కడ నిలిచారు. 2002 నుంచి అబ్ఖాజియా, దక్షిణ ఒస్సేటియా ప్రజలకు రష్యా పాస్‌పోర్టులు పెద్దఎత్తున పంచారు. దాంతో అక్కడివాళ్లు రష్యా పౌరులయ్యారు, పౌరులను కాపాడుకునే హక్కు తనకుందని మాస్కో అనగలిగింది. ఫిరంగి కన్నా ముందు పాస్‌పోర్టు నడిచిన ఈ పద్ధతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది.

2008 ఆగస్టు 7 రాత్రి దక్షిణ ఒస్సేటియా రాజధాని త్స్‌ఖిన్వాలి మీద జార్జియా ఫిరంగులు పేలాయి. రష్యా సేనలు రోకి సొరంగం గుండా దిగి జార్జియా నడిబొడ్డు దాకా వచ్చాయి. యుద్ధం మొదలుపెట్టింది జార్జియాయేనని, రష్యా ప్రతిచర్య మాత్రం హద్దు మీరిందని యూరోపియన్ యూనియన్ నియమించిన విచారణ బృందం 2009లో తేల్చింది. అప్పటికే, 2008 ఆగస్టు 26న, ఆ రెండు ప్రాంతాలనూ రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించింది. ఆ తర్వాత దక్షిణ ఒస్సేటియా అంచున ముళ్లకంచెలు పల్లెల్లోకి పాకాయి. రైతుకూ అతని తోటకూ మధ్య కంచె లేచింది.

2024 నవంబరులో యూరోపియన్ యూనియన్‌లో చేరే చర్చలను 2028 దాకా వాయిదా వేస్తున్నట్టు జార్జియా ప్రభుత్వం ప్రకటించగానే త్బిలిసి జనం వీధుల్లోకి వచ్చారు. అదే నెలలో ఎంగురి నది అవతల, రష్యా అండతో నిలిచిన అబ్ఖాజియా రాజధాని సుఖుమిలో, రష్యా పెట్టుబడిదారులకు హక్కులిచ్చే ఒప్పందం వద్దంటూ అబ్ఖాజులు పార్లమెంటు ఆవరణలోకి చొరబడ్డారు. వాళ్ల అధ్యక్షుడు రాజీనామా చేశాడు.