ఫ్రూట్ సలాడ్: కారపు సీమలో చల్లని తీపి

కోసిన పండ్ల ముక్కలను చల్లారిన కస్టర్డు పాలలో కలిపి, పైన టూటీ ఫ్రూటీ, జీడిపప్పు చల్లి కప్పుల్లో అందించే తీపి వంటకం ఫ్రూట్ సలాడ్. పేరులో సలాడ్ ఉంది కానీ కీర, ఉల్లి ముక్కల సలాడ్‌తో దీనికి చుట్టరికం లేదు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పెళ్ళి అయినా, ఓణీల ఫంక్షన్ అయినా, గృహప్రవేశమైనా భోజనాల చివర ఐస్‌క్రీమ్‌కూ కిళ్లీకీ మధ్య ఇది కనిపిస్తుంది. దీనికి ఓవెన్ అక్కర్లేదు, పాకం పదును చూడటం రానక్కర్లేదు. పాలు కాచడానికి పొయ్యి, చల్లబరచడానికి ఐసు, ముక్కలు తరగడానికి మంచి కత్తి ఉంటే పని జరిగిపోతుంది.

ఇక్కడి పాత విందు క్రమంలో దీనికి చోటు లేదు. తీపి అనేది విస్తట్లో ముందే పడేది: బూరో, బొబ్బట్టో, లడ్డూవో. ఆ తర్వాత పప్పు, కూర, పచ్చడి, పులుసు నడిచి పెరుగుతో భోజనం ముగిసేది. పెరుగన్నం తిన్నాక మళ్ళీ ఒక తీపి తినడమనే అలవాటు బఫే భోజనాలతో స్థిరపడింది. అయితే ఈ నేలకు అది అంత తేలిగ్గా అతకడానికి కారణం ఉంది. పత్తి తీతలు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, మిరప కోతలు జనవరి నుంచి వేసవి దాకా సాగుతాయి. గుంటూరు మిర్చి యార్డు కిటకిటలాడే రోజులూ, రైతు చేతిలో డబ్బాడే రోజులూ, మాఘం నుంచి జ్యేష్ఠం దాకా వచ్చే పెళ్ళి ముహూర్తాలూ దాదాపు ఒకటే. అంటే పెద్ద విందులు చాలావరకు ఎండల్లోనే. పల్నాడులో రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా పేరుబడ్డవి. ఆ వేడిలో గోంగూర, ఆవకాయ, గుంటూరు మిరపకాయ కారంతో చేసిన వేపుళ్ళు తిన్నవాడికి చల్లని పాల వంటకం ఎదురైతే వద్దనడు. దీని వెనక శాస్త్రం కూడా ఉంది: మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. మంచినీళ్ళు గ్లాసులకు గ్లాసులు తాగినా తగ్గని మంట రెండు చెంచాల కస్టర్డుతో తగ్గేది అందుకే.

కస్టర్డు పరాయిదే గానీ, పొయ్యితో పెద్దగా పని లేకుండా తీపి చేసే విద్య తెలుగువారికి కొత్త కాదు. శ్రీరామనవమి నాటి పానకం, వడపప్పు, పచ్చి చలిమిడి మూడింటికీ నిప్పుతో పని లేదు. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. భక్తులు ఎంత పోసినా స్వామి సగమే స్వీకరించి మిగతా సగం ప్రసాదంగా వదులుతాడని నమ్మకం. పండునూ తీపి పలుకునూ కలిపే పద్ధతికి అసలు పూర్వరూపం మాత్రం పంచామృతం. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదారలకు అరటిపండు ముక్కలు తోడైతే ఇంటి పూజలో అదే ఫ్రూట్ సలాడ్. ఇందులో దక్షిణాదిన అందరికన్నా ముందున్నది తమిళనాడులోని పళని. అక్కడి మురుగన్ కోవెల పంచామృతంలో కొండ అరటిపండు, బెల్లం, ఆవునెయ్యి, తేనె, ఏలకులతో పాటు ఖర్జూరం, కలకండ కూడా ఉంటాయి. చుక్క నీరు కలపరు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. తీపి ఎక్కువగా ఉండి, సూక్ష్మజీవులకు అందే నీరు తక్కువగా ఉండటం వల్ల అది నిలవ ఉంటుంది. పాలతో చేసే మన ఫ్రూట్ సలాడ్‌కు ఆ భాగ్యం లేదు.

కస్టర్డు పొడి పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం 1837లో ఆయన గుడ్డు బదులు మొక్కజొన్న పిండితో చిక్కబడే కస్టర్డు తయారుచేశాడు. ఒక ఇంటి ఇల్లాలి ఎలర్జీ కోసం చేసిన ఏర్పాటు, గుడ్డు ముట్టని భారతీయ శాకాహారులకు వరమైంది. పుణెలో 1956లో మొదలైన వైకిఫీల్డ్ వంటి సంస్థల పొట్లాలతో అది కిరాణా కొట్లకెక్కింది. పసుపు రంగు, వెనీలా వాసన చూసి గుడ్డు ఉందేమోనని ఇప్పటికీ అనుమానించే పెద్దవాళ్ళున్నారు. పొట్లం మీది ఆకుపచ్చ చుక్క చూపిస్తే చాలు.

ఇక ఇందులోని మిఠాయి సంగతి. ఎరుపు, పచ్చ, పసుపు రంగుల్లో మెరిసే టూటీ ఫ్రూటీ ఏ విదేశీ పండో కాదు, పచ్చి బొప్పాయి. చెక్కు తీసి చిన్న ఘనాలుగా తరిగి, ముక్క మెత్తబడకుండా సున్నపు తేటలో నానబెట్టి, కడిగి ఉడికించి, రోజురోజుకూ చిక్కదనం పెంచుతూ పంచదార పాకంలో ఊరవేస్తారు. ముక్కలోని నీరు బయటికి వచ్చి ఆ చోట్లోకి పంచదార చేరుతుంది. తర్వాత రంగు, ఆపైన ఆరబెట్టడం. కప్పు మీద కిరీటంలా కూర్చునే ఎర్రటి ‘చెర్రీ’ కథ ఇంకా తమాషా. మన బజారులో ఆ పేరుతో అమ్మేది చాలావరకు వాక్కాయ. పప్పులో వేస్తే పుల్లగా ఉండే అదే వాక్కాయ, గింజ తీసి పాకంలో ఊరి, రంగు పూసుకుని కేకుల మీదికీ కిళ్లీల్లోకీ ఎక్కింది. ఊరి చేను గట్టున పెరిగే కాయకు పెళ్ళి పందిట్లో చెర్రీ అని పేరు పెట్టడం చూస్తే నవ్వొస్తుంది కానీ, రుచిలో మోసమేమీ లేదు. రంగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ముక్క పాలలో వేయగానే రంగు ధారగా దిగితే ఆ సరుకు వాడకపోవడం మంచిది.

మిగతా దినుసులు చుట్టుపక్కల దొరికేవే. కొల్లిపర, కొల్లూరు వైపు కృష్ణా లంకల అరటి, ప్రకాశం జిల్లా బత్తాయి, చీరాల పక్కనున్న వేటపాలెం జీడిపప్పు. చలికాలంలో జామ, వేసవిలో మామిడి. సముద్రతీరం వైపు తాటి ముంజలు దొరికే రోజుల్లో లేత ముంజలను తరిగి కలిపితే వచ్చే రుచి ఏ డబ్బా పండుకూ రాదు. పుచ్చకాయ పనికిరాదు, నీరు వదిలి అంతటినీ పలచన చేస్తుంది.

యాభై మందికి కొలత ఇది: 5 లీటర్ల చిక్కటి పాలు, 200 గ్రాముల కస్టర్డు పొడి, 600 నుంచి 700 గ్రాముల పంచదార, శుభ్రం చేసి తరిగాక 5 కిలోల పండ్ల ముక్కలు, పావుకిలో టూటీ ఫ్రూటీ, పావుకిలో జీడిపప్పు. మనిషికి 200 గ్రాములకు పైగానే వస్తుంది. పొడిని వేడి పాలలో నేరుగా వేస్తే ఉండలు కట్టి తీరుతుంది, ముందు చల్లని పాలలో జారుగా కలుపుకోవాలి. పంచదార వేసిన పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి, ఆ జారు పోస్తూ అడుగంటకుండా తెడ్డుతో తిప్పాలి. గరిటె వెనక పలుచని పూతలా అంటుకోగానే దించేయాలి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. పైన మీగడ కట్టకుండా మధ్యమధ్య కలుపుతూ, గిన్నెను ఐసు నీళ్ళ తొట్టిలో నిలబెడితే త్వరగా చల్లబడుతుంది. రుచి చూసిన గరిటెను మళ్ళీ గుండిగలో ముంచకూడదు. ఎంగిలి పట్టింపు ఒక్కటే కాదు, లాలాజలంలోని ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొట్టి చిక్కటి కస్టర్డును నీళ్ళు చేస్తుంది.

పాడయ్యేది ఎక్కువగా పండ్ల దగ్గరే. పచ్చి అనాస ముక్కల్లోని బ్రోమెలైన్ పాల ప్రోటీన్లను విరిచి కాసేపటికే చేదు తెస్తుంది. అనాస వేయాలంటే పంచదారలో నాలుగు నిమిషాలు ఉడికించి చల్లార్చాలి, లేదా డబ్బా అనాస వాడాలి. బొప్పాయిలోని పపైన్‌ది కూడా ఇదే గుణం. ఉడికిన టూటీ ఫ్రూటీతో మాత్రం ఆ బెడద లేదు. అరటి, ఆపిల్ గాలి తగిలి నల్లబడతాయి కాబట్టి తరగ్గానే కాస్త నిమ్మరసం పట్టించాలి. పండ్ల మీద ముందే పంచదార చల్లి ఉంచడం మరో పొరపాటు, గంటలో గిన్నె అడుగున చెరువు తయారవుతుంది. జెల్లీ ముక్కలు కావాలనుకునే శాకాహార కుటుంబాలు జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ వాడతాయి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది.

పండూ మిఠాయీ కలిపిన తీపిని సలాడ్ అని పిలవడంలో తెలుగువాళ్ళు ఒంటరి వాళ్ళు కారు. అమెరికాలో మిన్నెసోటా, అయోవా వైపు విందుల్లో స్నికర్స్ సలాడ్ పెడతారు: ఆపిల్ ముక్కలు, తరిగిన స్నికర్స్ చాక్లెట్, నురుగు క్రీమ్, అంతే. స్నికర్స్ 1930లో, ఆ క్రీమ్‌గా ఎక్కువమంది వాడే కూల్ విప్ 1966లో మార్కెట్లోకి వచ్చాయి. అక్కడి భారతీయ కుటుంబాలు అదే కూల్ విప్‌తో, జెలటిన్‌తో, డబ్బా మామిడి గుజ్జుతో మ్యాంగో పై చేసి విందులకు పట్టుకెళ్తాయి. స్నికర్స్‌లో వేరుశెనగ, చక్కెర పాకం ఉంటాయి కనుక, ఇక్కడ దాని పని పల్లీ చిక్కీ చేయగలదు. దంచిన చిక్కీ పలుకులు, కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న నువ్వు జీళ్ళ ముక్కలు వడ్డించే క్షణంలో పైన చల్లితే కరకరలాడతాయి. ముందే కలిపితే చెమ్మకు జిగురవుతాయి.

ఆఖరి మాట నిలవ గురించి. పాల వంటకాన్ని 5 డిగ్రీలకు పైన వదిలేస్తే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచకూడదన్నది ఆహార భద్రతలో స్థిరపడిన నియమం. 42 డిగ్రీల పందిట్లో ఆ గంట కూడా ఎక్కువే. అందుకని తెలిసిన వంటమేస్త్రి కస్టర్డును ఐసులో విడిగా, పండ్ల ముక్కలను విడిగా ఉంచి, బంతి బంతికీ కావలసినంతే కలుపుతాడు. చివరి బంతి లేచాక మిగిలిన కస్టర్డును ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినవచ్చు. కలిపేసి బయట వదిలిన సలాడ్ మిగిలితే పారబోయాల్సిందే.