దుమ్ముకు రుజువేది?

1952 నాటి గనుల చట్టంలోని మూడో సెక్షన్‌ను ఎవరూ తాండూరును చూసి రాయలేదు. చదివితే మాత్రం అలాగే అనిపిస్తుంది. మొరం, కంకర, ఇల్లు కట్టే రాయి, పలక రాయి, సున్నపురాయి తీసే ఓపెన్‌కాస్ట్ గని లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు. ఏ రోజూ 50 మందికి మించి పనిలో ఉండకూడదు. పేలుడు మందు వాడకూడదు. ఈ మూడూ కుదిరిన గనికి, 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు వచ్చేదాకా, చట్టంలో చాలా భాగం వర్తించేది కాదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసే అధికారం లాంటి ఆరు సెక్షన్లే మిగిలేవి. పనివాడికి దుమ్ము జబ్బు వస్తే యజమాని, వైద్యం చేసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని చెప్పే 25వ సెక్షన్ ఆ మిగిలినవాటిలో లేదు.

తాండూరు నాపరాయికి మందుగుండు అక్కర్లేదు. పేలిస్తే పగుళ్లు పడి బండ పనికిరాదు. ఆ రాయి పుట్టుకే పొరలు పొరలుగా ఉంటుంది. భీమా నదీ ప్రాంతమంతా పరుచుకున్న అతి పురాతన సున్నపురాతి పొరల్లో ఇదొక తునక. అదే రాయి సరిహద్దు అవతల కర్ణాటకలో షాబాద్ బండ, ఇవతల తాండూరు బండ. నీలి రంగు, పసుపు రంగు పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అంచున ఉలి నిలబెట్టి వరసగా తడుతూ పోతే పొర విడుతుంది. సందులో గడ్డపార దూర్చి ఎత్తితే బండ పైకి లేస్తుంది. అనుభవం ఉన్నవాడు సుత్తి దెబ్బ మోతను బట్టే బండ నిలువునా వస్తుందో, మధ్యలో విరుగుతుందో చెప్పేస్తాడు.

ఈ బండకు ఊరు దాటే దారి దొరికింది రైలుతో. వాడి నుంచి సికింద్రాబాద్ వరకు నిజాం రైలు మార్గం 1874లో తెరుచుకుంది. తాండూరు, వికారాబాద్ రెండూ దాని మీది స్టేషన్లే.  తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో గుల్బర్గాను విడిచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లాకు మారింది. ఊరు కదలలేదు, దస్త్రాలే తిరిగాయి. పాత కాగితం కావాల్సిన కూలీకి ఇది చిన్న ఇబ్బందేమీ కాదు.

ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్, బషీరాబాద్ వైపు కొర్విచేడ్ గని: పేరులోనే గనిని పెట్టుకున్న ఊరు కూడా ఉందిక్కడ. చుట్టుపక్కల పాత ఇళ్లకు పైకప్పు బండ, నేల బండ, గడప బండ, పొలం గట్టున పాతిన బండ అన్నీ ఇక్కడివే. చేతి పని ఉన్నన్నాళ్లు దుమ్ము ఒక మోతాదులో ఉండేది. కోత మిషన్లు వచ్చాక లెక్క మారింది. తిరిగే బ్లేడు రాయిని కొరుకుతుంటే లేచే దుమ్ములో కంటికి కనిపించేది పెద్ద ప్రమాదం కాదు. అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కంటికి కనిపించనంత సన్నటిదే ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. ఇక పాలిషింగ్ యూనిట్లలో నీళ్లు పోసి అరగదీస్తారు కాబట్టి అక్కడ దుమ్ము బురదవుతుంది. ఆ బురదే సుద్ద. దాన్ని రోడ్డు పక్కన, ఖాళీ జాగాల్లో గుమ్మరిస్తారు. ఎండాక గాలికి, లారీల చక్రాలకు మళ్లీ దుమ్మే అవుతుంది. పనిలో లేనివాళ్లకూ అందులో వాటా ఉంటుంది.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి, లేకపోతే కూలీల తరఫు వాదనే బలహీనపడుతుంది. సున్నపురాయిలో ఎక్కువ భాగం క్యాల్షియం కార్బొనేట్. ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్‌కు కారణం స్ఫటిక రూపంలోని సిలికా. క్వార్ట్జ్, ఇసుకరాయి, గ్రానైట్‌లతో పోలిస్తే సున్నపురాయిలో అది తక్కువ. పైగా పొర పొరకూ మారుతుంది. కాబట్టి తాండూరులో దమ్ము వచ్చే ప్రతి మనిషిదీ సిలికోసిస్ కాదు. అది బీడీ వల్ల ముదిరిన జబ్బు కావచ్చు, ఏళ్ల తరబడి దుమ్ముకు వచ్చిన బ్రాంకైటిస్ కావచ్చు, క్షయ కావచ్చు. అయితే ఏది ఎవరిదో తేల్చడానికి పనిలో చేరిన నాడు ఒక ఎక్స్‌రే, ఆ తర్వాత వరసగా మరికొన్ని ఉండాలి. సమస్యంతా అక్కడే ఉంది.

కోలార్ బంగారు గనులతో పోల్చి చూడండి. తెలుగు, తమిళ కూలీలు తరతరాలుగా పనిచేసిన ఆ గనుల్లో 1940ల్లోనే వేల మందికి ఎక్స్‌రేలు తీసి సిలికోసిస్ ఎంతమందికో లెక్క కట్టారు. అక్కడ యాజమాన్యం ఎవరో తెలుసు, కాలనీ ఉంది, ఆసుపత్రి ఉంది, హాజరు పట్టీ ఉంది. కంపెనీకి కూలీల మీద ప్రేమ పొంగిందని కాదు. ఎవరు ఎన్నేళ్లు ఏ పనిలో ఉన్నారో కాగితం మీద ఉంది. నాపరాతి గనిలో కూలీ ఈ సీజన్ ఒక గుత్తేదారు దగ్గర, వచ్చే సీజన్ ఇంకొకరి దగ్గర. బండల లెక్కన కూలి. వానలు పడితే కంది చేనుకు పోతాడు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, అదే చేతులు మిగతా నెలల్లో ఏ బండ కొట్టాయో రాసిపెట్టిన రిజిస్టరు దొరకదు.

మరి దమ్ము వచ్చిన కూలీ ఎక్కడికి పోయేవాడు? అనంతగిరికి. మూసీ పుట్టిన ఆ గుట్టల మీద, అనంత పద్మనాభస్వామి గుడికి దగ్గర్లో నిజాం కాలపు క్షయ శానిటోరియం ఉంది. మందు లేని రోజుల్లో క్షయకు వైద్యమంటే చల్లటి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక, 1950ల చివర మద్రాసులో జరిగిన అధ్యయనం మరో సంగతి తేల్చింది. ఇంట్లో ఉండి మందులు వేసుకున్నవాళ్లకూ శానిటోరియంలో పడుకున్నవాళ్లకూ ఫలితం దాదాపు ఒకటే. ఆ దెబ్బతో ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గింది. అయినా రాతి పనివాళ్లకు క్షయ మాట వదల్లేదు. సిలికా చేరిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా అంటుకుంటుంది. దగ్గు, బరువు తగ్గడం, ఆయాసం రెండింటిలోనూ ఉంటాయి. చీటీ మీద క్షయ అని పడితే ప్రభుత్వ మందులు ఉచితంగా వస్తాయి. సిలికోసిస్ అని పడితే యజమానిని అడగాల్సి వస్తుంది. ఏ మాట రాయడం ఎవరికి సులువో వేరే చెప్పక్కర్లేదు.

2025 నవంబరులో కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న పరిహార చట్టం పాతదే, 1923 నాటిది. మొదట్లో దాని జబ్బుల పట్టికలో సిలికోసిస్ లేదు, తర్వాత చేర్చారు. మూడో షెడ్యూలులోని సి భాగంలో సిలికోసిస్‌తో పాటు సిలికో-క్షయ కూడా ఉండేది, ఒక షరతుతో. మనిషి పనికిరాకుండా పోవడానికో, చనిపోవడానికో సిలికోసిస్ ముఖ్య కారణమై ఉండాలి. అంటే క్షయ చీటీ ఉన్నవాడు ముందు తన ఊపిరితిత్తుల్లో దుమ్మును వేరుచేసి చూపించాల్సి వచ్చేది. పదో సెక్షన్ ఇంకా విచిత్రం. పని మానేశాక రెండేళ్ల లోపు లక్షణాలు బయటపడితే, అవి కనబడిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్కించేవారు. సాధారణ సిలికోసిస్ బయటపడటానికి పదేళ్లు, అంతకు మించీ పడుతుంది. దుమ్ములోంచి బయటికొచ్చాక కూడా అది ముదురుతూనే ఉంటుంది. ఊపిరితిత్తులకు ఈ గడువు సంగతి తెలియదు.

ఇదే దేశంలో, ఇదే జిల్లా నుంచి సైన్యంలో చేరినవాడికి మరో న్యాయం దక్కింది. సైనికుల వైకల్య పింఛనుకు 1982 నాటి నిబంధనలు రుజువు భారాన్ని తిరగేశాయి. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే. తర్వాత జబ్బుతో బయటికి పంపితే, అది నౌకరీ వల్ల వచ్చినట్టే అనుకోవాల్సి ఉండేది. కాదని సైన్యమే నిరూపించుకోవాల్సి వచ్చేది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. సిగ్నల్ దళంలో పనిచేస్తూ మూర్ఛతో ఇంటికొచ్చిన సైనికుడి కేసు అది. 2023లో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెస్తే మాజీ సైనికుల సంఘాలు ఊరుకోలేదు. రాతి కూలీలకు అలా పోట్లాడేందుకు ముందసలు ఒక సూత్రమంటూ లేదు.

సైనికులకైనా ఆ న్యాయం ఊరికే రాలేదు. బ్రిటన్ రసాయనిక ఆయుధాల పరిశోధన కేంద్రమైన పోర్టన్ డౌన్‌కు చెందిన శాస్త్రవేత్తలు రావల్పిండిలో పదేళ్లకు పైగా వందల మంది భారత సైనికులపై మస్టర్డ్ గ్యాస్ పరీక్షలు జరిపారు. నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి పంపారు. ఒళ్లు కాలి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఆ తర్వాత వాళ్లు ఏమయ్యారో ఎవరూ వెంటపడి చూడలేదు. సంగతి 2007లో గార్డియన్ పత్రిక రాసేదాకా జనానికి తెలియదు. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకులు రాల్చే మందు చల్లిన అమెరికా, దాని పాలబడిన తన సొంత సైనికుల జబ్బులను పట్టిక వేసి ఒప్పుకోవడానికి 1991 దాకా ఆగింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ స్థావరాల్లో చెత్త కాల్చిన గుంతల పొగ పీల్చినవాళ్ల కోసం పాక్ట్ చట్టం 2022 ఆగస్టులో వచ్చింది. ఆ పట్టికల్లోని జబ్బు, ఫలానా కాలంలో ఫలానా చోట నౌకరీ, ఈ రెండూ ఉంటే చాలు. ఏ రోజు, ఏ డబ్బాలోంచి, ఎంత విషం పీల్చావని అడగరు.

రాతి కూలీకి అలాంటి పద్ధతి మన దేశంలో అసాధ్యమేమీ కాదు. గోధ్రా క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసి ఊళ్లకు తిరిగెళ్లి చనిపోయిన మధ్యప్రదేశ్ ఆదివాసీ కూలీల విషయంలో సుప్రీంకోర్టు 2016లో ఆదేశమిచ్చింది. 238 కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయలు గుజరాత్ ప్రభుత్వం చెల్లించాలని చెప్పింది. ఇసుకరాయి గనులున్న రాజస్థాన్ 2019లో ఏకంగా విధానమే ప్రకటించింది. డాక్టర్ల బోర్డు జబ్బును ఖరారు చేస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, నెలనెలా పింఛను. ఫలానా యజమాని దగ్గరే దుమ్ము పీల్చానని కూలీ రుజువు చేయక్కర్లేదు. ఆ డబ్బులో కొంత జిల్లా ఖనిజ ఫౌండేషన్ నుంచి వస్తుంది. గని లీజుదారులు రాయల్టీకి తోడు కట్టే సొమ్ము అది.

అలాంటి ఖనిజ ట్రస్టులు తెలంగాణ జిల్లాల్లోనూ ఉన్నాయి. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష మాట ఉంది. ఎక్స్‌రే మిషన్, డాక్టరు, ఖనిజ నిధి, ఈ మూడింటినీ ఓగిపూర్ గని ఒడ్డుకు చేర్చడం జిల్లా కలెక్టర్ స్థాయిలో నడిపించగల పనే. అక్కడికి వెళ్లినవాళ్లు మొదట రాసుకోవాల్సింది జబ్బు పేరు కూడా కాదు: ఈ మనిషి ఏ గనిలో, ఎన్నేళ్లుగా, చేతి ఉలితోనా మిషన్‌తోనా.